"జనం లేని దీవులు" అన్న ఆ పోస్టరు గురించి, పర్మిట్ ఎత్తేయమన్న కామెంటు గురించి

పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి. తిట్టాలనుకునేవాళ్లు మాత్రం పూర్తిగా చదివాకే తిట్టండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక పోస్టరు తిరిగింది కదా. నీలం నీళ్లు, తెల్ల ఇసక, మధ్యలో చిన్న తెల్ల ఓడ. "ఈ వేసవిలో జనం లేని ప్రశాంత దీవుల మధ్య ఐదు రోజుల ఓడ ప్రయాణం" అని రాసుంది. కొచ్చి నుంచి లక్షద్వీప్. కింద మనోళ్లు పెట్టిన గుండె గుర్తులు లెక్కలేనన్ని. ఒక అన్న "లైఫ్ అంటే ఇది" అన్నాడు. ఒక అక్క "మన ఏజెన్సీకి కూడా ఇలాంటి టూరిజం వస్తే మన బతుకులు మారిపోతాయి" అంది. ఇంకో అన్న ఇంకో అడుగు ముందుకేసి, "అక్కడికి పోవాలంటే పర్మిట్ కావాలంట. సొంత దేశంలో పర్మిట్ ఏంటి, ముందు అది ఎత్తేయాలి" అని రాశాడు. దానికీ గుండె గుర్తులే.

మొదటి మాటతో నాకు గొడవ లేదు. తిరగాలి, చూడాలి. మా అమ్మా నాన్నా రైలెక్కింది నన్ను హాస్టల్లో దింపడానికి వచ్చినప్పుడే, అదే మొదటిసారి. మనం సముద్రం మీద ఓడెక్కితే తప్పని నేనెందుకంటాను? రెండో మాట మీద నాకు చాలా గొడవ ఉంది. మూడో మాట చూశాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాట నా క్లాసులో రోజూ వింటాను. మన గ్రూపులో మనోడే రాస్తాడనుకోలేదు.

ముందు ఆ "జనం లేని" సంగతి. లక్షద్వీప్‌లో మొత్తం 36 దీవులు. పదింటిలో ఊళ్లున్నాయి. అన్నీ కలిపి కొలిస్తే 32 చదరపు కిలోమీటర్లు. మన ఏజెన్సీలో ఒక మండలం తీసుకుంటే దాని మూలకి సరిపోద్ది. 2011 జనాభా లెక్కల్లో అక్కడ 64,473 మంది. చదరపు కిలోమీటరుకి రెండు వేల మంది అన్నమాట. మన కొండల మీద ఇంటికీ ఇంటికీ మధ్య ఉండే దూరం కూడా వాళ్ల దగ్గర లేదు. అలాంటి చోటు జనం లేనిది ఎలా అయింది? ఫొటో తీసినోడు ఊరి వైపు తిరగలేదు, అంతే. అరకు ఫొటోల్లో కూడా వలిసె పూలుంటాయి, ఆ వలిసెలు చల్లినోడు ఉండడు.

ఇంకో విషయం ఈ గ్రూపులో చాలామందికి తెలీదనుకుంటా. ఆ జనంలో వందకి 94 మందికి పైగా ఎస్టీలు. మనలాగే సర్టిఫికెట్ ఉన్న షెడ్యూల్డ్ ట్రైబ్. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ దీవుల వాళ్లై, ఆ దీవుల్లోనే పుట్టినవాళ్లు ఎస్టీలని రూలు. ఆ రూలుతో ఒక చిక్కొచ్చింది. పురుడు కష్టమైతే కొచ్చి తీసుకుపోవాలి. అక్కడ పుట్టిన బిడ్డ "దీవుల్లో పుట్టలేదు" కదా, మరి ఎస్టీ ఎలా? చివరికి 2008లో పార్లమెంటు సవరణ చేసి ఆ పిల్లల్ని కూడా కలిపింది. సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్లరిగేలా తిరిగినవాళ్లకి ఈ కథ వేరే ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. వాళ్లు దాదాపు అందరూ ముస్లింలు, మాట్లాడేది మలయాళంలాంటి ఒక యాస, మినికాయ్‌లో మాత్రం మహల్ అనే వేరే భాష. ఎస్టీ అన్నది మతం చూసి ఇచ్చేది కాదు అని మన గ్రూపులో వాదన వచ్చినప్పుడల్లా నేను లక్షద్వీప్ పేరే చెప్తాను.

సరే, ఓడ దగ్గరకి వద్దాం. అక్కడి ప్రభుత్వ టూరిజం సంస్థ "సముద్రం" అని ఒక ప్యాకేజీ పెట్టింది. కొచ్చిలో ఓడెక్కిస్తారు. కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులు చూపిస్తారు. పెద్ద ఓడ ఒడ్డు దాకా రాలేదు కాబట్టి బయట లంగరేసి, చిన్న బోట్లలో దింపుతారు. పగలంతా దీవిలో ఈత, భోజనం, కొబ్బరినీళ్లు. చీకటి పడేసరికి మళ్లీ ఓడ మీదకి. రాత్రి పడక ఓడలోనే. ఎంవీ కవరత్తి అనే ఓడ దీనికి వాడారు. 700 మంది పట్టే ఓడ, ఇప్పటి పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడల పక్కన పెడితే పిల్ల ఓడే. మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే కట్టారు దాన్ని. టూరిస్టులకి పై తరగతి క్యాబిన్లు, ఓ నూట యాభై మందికి. మిగతా జాగా ఎవరిదనుకుంటున్నారు? దీవుల వాళ్లది. వాళ్లకి అది ఆర్టీసీ బస్సు. కాలేజీకి పోయే పిల్లలు, ఆస్పత్రికి పోయే ముసలమ్మలు, బియ్యం బస్తాలు. పై డెక్కు మీద ఒకాయన సూర్యాస్తమయం ఫొటో తీస్తుంటే, కింద బంకుల్లో ఒకావిడ డాక్టరు చీటీ పట్టుకుని పడుకుని ఉంటుంది. పోస్టరులో ఈ రెండో డెక్కు లేదు.

అయినా ఒక మాట గట్టిగా చెప్తాను. ఉన్న పద్ధతుల్లో ఈ చిన్న ఓడ పద్ధతే నయం. పర్మిట్ తీసుకుని రావడం, లెక్క ప్రకారం జనం, పగలు చూసి రాత్రికి ఓడెక్కి వెళ్లిపోవడం. దీన్ని వెక్కిరించేవాళ్లకి ఆ దీవుల్లో నీళ్లెక్కడ నుంచి వస్తాయో తెలీదు. అక్కడ వాగు లేదు, గెడ్డ లేదు, చెరువు లేదు. పగడపు ఇసకలోకి ఇంకిన వాన నీరు కింద ఉప్పునీటి మీద పల్చటి పొరలా తేలుతూ ఉంటుంది. బావి తవ్వితే వచ్చేది అదే. మోటారు పెట్టి ఎక్కువ తోడితే పొర తెగి ఉప్పునీరు పైకొస్తుంది, తర్వాత ఆ బావి తాగడానికి పనికిరాదు. నీళ్ల కరువు తట్టుకోలేకే 2005లో కవరత్తిలో సముద్రం నీటిని మంచినీరు చేసే ప్లాంటు పెట్టారు, రోజుకి లక్ష లీటర్లు. అలాంటి చోట రాత్రి పూట ఒక టూరిస్టు ఓడలో పడుకుంటే, అతని స్నానం నీళ్లు, అతని మరుగుదొడ్డి ఆ ఊరి బావి మీద పడవు. పర్మిట్ అంటే చిరాకు కాగితం అనుకునే అన్నా, అది ఆ ఊరి బావికి వేసిన మూత.

ఇంకోటి లగూన్. పగడపు గట్టు లోపల ఆ ఫొటోల్లో కనిపించే లేత నీలం నీళ్లు. మనకి అందం. వాళ్లకి అది ఎర తొట్టి. అక్కడ ట్యూనా చేపని పెద్ద వలేసి పట్టరు, గెడకర్రకి గాలం కట్టి ఒక్కొక్కటే పైకి లాగుతారు. దానికి ముందు లగూన్‌లో పగడాల మధ్య తిరిగే చిన్న చేపల్ని బతికున్నవాటినే పట్టి, బోటులో నీళ్లలో ఉంచుకుని, సముద్రంలోకి పోయి చల్లాలి. అవి లేకపోతే ట్యూనా రాదు. పగడం చస్తే ఆ చిన్న చేప పోద్ది, చిన్న చేప పోతే వేట పోద్ది. సముద్రం వేడెక్కి 1998లో, 2010లో, 2016లో అక్కడ పగడాలు తెల్లబడి కుప్పలు కుప్పలుగా చచ్చాయి. మళ్లీ లేవడానికి వాటికి ఏళ్లు కావాలి, ఎవరూ కదపకుండా ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆ చిన్న ఓడ తర్వాత ఏం రాబోతోంది? 2023 జనవరిలో తాజ్ హోటళ్ల కంపెనీ సుహేలీ, కద్మత్ దీవుల్లో రెండు రిసార్టులు కడతామని ప్రకటించింది. ఒక్కోదానిలో 110 గదులు. కొన్ని ఒడ్డు మీద, కొన్ని "వాటర్ విల్లాలు", అంటే లగూన్ నీళ్లలోనే స్తంభాలు దించి వాటి మీద ఇళ్లు. సుహేలీలో ఊరు లేదు కదా, ఎవరికి నష్టం అంటారు. ఊరు లేదు నిజమే. కానీ కవరత్తి వాళ్లు సీజన్‌లో అక్కడికే పోయి వేటాడతారు, చేపలు ఎండబెట్టుకుంటారు, కొబ్బరి ఏరుకుంటారు. మనం పోడు కొండ మీద ఏడాదంతా ఉంటామా? అయినా ఆ కొండ మనది కాదంటే ఊరుకుంటామా? "ఎవరూ ఉండట్లేదు" అనే మాటతోనే మన తాతల చేతుల్లోంచి కొండలు రిజర్వ్ ఫారెస్టు లెక్కలోకి పోయాయి.

భూమి ఎలా వస్తుంది వాళ్లకి? ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మనకి అవసరమైన పాయింట్ ఇదే.

లక్షద్వీప్‌లో 1964 నుంచి ఒక రెగ్యులేషన్ ఉంది, ఎస్టీల రక్షణ కోసం. అక్కడి ఎస్టీ భూమి బయటివాళ్ల చేతికి పోకూడదు, అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఉంటే తప్ప. 1967లో బయటివాళ్ల రాకకి పర్మిట్ రూల్స్ వచ్చాయి. మన 1/70కి చుట్టమే అది. కానీ తేడా చూడండి. మన దగ్గర షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చేస్తే అది చెల్లదు, కలెక్టరు సంతకం పెట్టినా చెల్లదు. వాళ్ల దగ్గర తలుపుకి తాళం ఉంది, తాళంచెవి మాత్రం ఒక్క ఆఫీసరు జేబులో ఉంది. ఆ ఆఫీసర్ని వాళ్లు ఎన్నుకోలేదు. లక్షద్వీప్‌కి అసెంబ్లీ లేదు. ఒక ఎంపీ ఉంటాడు. ఆర్టికల్ 240 కింద కేంద్రమే రెగ్యులేషన్లు చేస్తుంది.

ఆ తాళంచెవితో ఏం చేయొచ్చో 2021లో చూశాం. డెవలప్‌మెంట్ అథారిటీ పేరుతో ఒక డ్రాఫ్టు తెచ్చారు, ప్లానింగ్ కోసం ఎవరి స్థలమైనా తీసుకునే అధికారం అందులో ఉంది. నేరాలు దాదాపు లేని చోట గూండా చట్టం డ్రాఫ్టు. ఒడ్డున మత్స్యకారులు పడవలూ వలలూ పెట్టుకునే పాకలు పీకేశారు. ఆ సంవత్సరం జూన్ 7న దీవుల జనం ఎవరిళ్లలో వాళ్లు 12 గంటలు నిరాహార దీక్ష చేశారు, కరోనా టైము కదా, రోడ్డు మీదకి రాలేరు. నీళ్లలో దిగి కూడా ప్లకార్డులు పట్టుకున్నారు. 2025 జూలైలో బిత్రా దీవి మొత్తాన్ని రక్షణ అవసరాలకి తీసుకోవాలన్న ప్రతిపాదన మీద నోటీసు వచ్చింది. మొత్తం దీవి! జనం ఉన్న దీవుల్లో అదే అన్నిటికన్నా చిన్నది. 2011లో 271 మంది. ఒక చిన్న గూడెం అనుకోండి.

ఇక రిసార్టుల భూమి. అది అమ్మకం కాదు. ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసే పద్ధతి, పీపీపీ అంటారు. భూమి ప్రభుత్వానిదే, కంపెనీకి ఇచ్చేది వాడుకునే హక్కు. కాగితం మీద ఎస్టీ భూమి ఒక్క సెంటు కూడా అమ్ముడుపోలేదు. అన్నలూ అక్కలూ, ఈ దారి మనకి కొత్త కాదు. మన అనంతగిరి మండలంలో మైనింగ్ కంపెనీలకి ప్రభుత్వం లీజులిచ్చినప్పుడు సరిగ్గా ఇదే వాదన చేశారు. ఇది ప్రభుత్వ భూమి, 1/70 గిరిజనుల పట్టా భూమికే కదా అని. 1997లో సుప్రీంకోర్టు సమతా కేసులో ఏమంది? షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వం కూడా ఆ రెగ్యులేషన్ దృష్టిలో ఒక "వ్యక్తే", ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడానికి లేదు అంది. ఆ కిటికీ మన దగ్గర మూసుకుపోయింది. లక్షద్వీప్‌లో తెరిచే ఉంది. అందుకే అక్కడ విల్లాలు వస్తున్నాయి, ఇక్కడ ఇంకా దొడ్డిదారి వెతుకుతున్నారు.

వెతుకుతున్నారా అంటే, 2025 ఫిబ్రవరిలో ఏజెన్సీ బంద్ దేనికి జరిగిందో గుర్తు చేసుకోండి. విశాఖలో టూరిజం పెట్టుబడుల సమావేశంలో, టూరిజం పెరగాలంటే 1/70 మార్చాలన్న మాట వచ్చింది. మన ఊళ్లలో షాపులు మూశాం, బస్సులు ఆపాం. 1/70 రద్దు చేసే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. అప్పుడు స్టేటస్‌లు పెట్టినవాళ్లే ఇప్పుడు "పర్మిట్ ఎత్తేయాలి" అన్న కామెంటుకి గుండె గుర్తు పెట్టారు. పక్కవాళ్ల 1/70 ఎత్తేయమని అడుగుతూ మన 1/70 నిలబడాలంటే ఎలా?

మా క్లాసులో ఒకడు తరచూ అంటాడు: "మీరు మా సిటీకొచ్చి చదువుకోవచ్చు గానీ మేం అరకులో రెండు సెంట్లు కొనుక్కోకూడదా? ఇదేం సమానత్వంరా?" మొహం మీద నవ్వుతూనే అంటాడు, చెడ్డోడేం కాదు. మీకూ ఎదురై ఉంటుంది, కాబట్టి జవాబు దగ్గర పెట్టుకోండి. ఆర్టికల్ 19 తీయండి. దేశంలో ఎక్కడికైనా తిరగొచ్చు, ఎక్కడైనా ఉండొచ్చు అని అందులో ఉంది. అదే ఆర్టికల్‌లో క్లాజ్ 5 చదవండి. సాధారణ ప్రజల ప్రయోజనం కోసం, లేదా షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ కోసం, ఆ హక్కు మీద సహేతుకమైన పరిమితులు పెట్టొచ్చు అని ఉంది. మన పేరు పెట్టి రాశారు అన్నా. స్వేచ్ఛ ఇచ్చిన చోటే మన రక్షణా రాశారు. పర్మిట్ రాజ్యాంగానికి విరుద్ధం అనేవాళ్లు ఆ పేజీ సగమే చదివారు. ఇంక సిటీకి మనం ఏం తెచ్చాం? ఒక రేకు పెట్టె, ఒక దుప్పటి. బీచ్ రోడ్డులో స్థలమేం కొనలేదు. కొన్నా విశాఖ జనానికి భాష పోదు, దేవుడు పోడు, శ్మశానం పోదు. మన ఊళ్లో రోడ్డు పక్క నాలుగెకరాలు పోతే ఊరే పోతుంది.

ఇప్పుడు ఉద్యోగాలు. అక్క చెప్పిన పాయింట్ కొట్టిపారేయను, మన పిల్లలు పని కోసం చెన్నై, బెంగళూరు పోతున్నారు. కానీ మన దగ్గర ఆల్రెడీ టూరిజం ఉంది, ఏం పని వచ్చిందో చూశాం కదా. గదులు ఊడవడం, గిన్నెలు తోమడం, రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర థింసా ఆడటం. థింసా మనం పండక్కి ఆడేది, పెళ్లికి ఆడేది. చలిలో తాగినోళ్ల ముందు, వాళ్లు "ఇంకోసారి" అన్నప్పుడల్లా ఆడేది కాదు. మా ఊరి దగ్గర ఒక రిసార్టులో ఆడటానికి పోయిన ఆడవాళ్లకి ఇచ్చే డబ్బు, అక్కడ ఒక బిర్యానీ ప్లేటు రేటు కంటే తక్కువ. అండమాన్‌లో ఇది ఎక్కడిదాకా పోయిందో తెలుసుగా. జరావాల అడివి మధ్యలోంచి రోడ్డేశారు, ఆ రోడ్డు ఆపమని 2002లో సుప్రీంకోర్టు చెప్పినా బండ్లు ఆగలేదు. 2012లో జరావా ఆడపిల్లల్ని తిండి కోసం ఆడించిన వీడియో బయటికొచ్చింది. జనమే చూసే వస్తువు అయిపోతే చివరికి అదే.

పాపికొండల లాంచీ కూడా ఇదే బాపతు. మైకులో కొండల పేర్లు చెప్తారు, సినిమా షూటింగులు చెప్తారు. గట్టు మీద కొండరెడ్లు, కోయలు ఉన్నారని ఒక ముక్క చెప్పి పాట పెడతారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పుడు నాటు పడవలేసుకుని ఉరికింది ఆ గట్టు మీది గిరిజనులే. 26 మంది ఒడ్డుకి చేరారు. అప్పటిదాకా వాళ్లు సీనరీ. ఆ బోటు టికెట్టులో వాళ్ల వాటా ఎప్పుడైనా ఉందా? ఇప్పుడు ఆ ఊళ్లు పోలవరం నీళ్ల కిందకి పోతున్నాయి.

మరి ఇంకోలా కుదురుతుందా అంటే, కుదిరింది. పనామా అనే దేశం ఉంది, అమెరికా ఖండాలు రెండూ కలిసే సన్నని చోట. దాని కరీబియన్ ఒడ్డున గునా అనే ఆదివాసులున్నారు. 350కి పైగా చిన్న చిన్న దీవులు, యాభై దాకా దీవుల్లో ఊళ్లు. మ్యాపుల్లో సాన్ బ్లాస్ అని ఉండేది, వాళ్ల పేరు గునా యాలా. ఒకప్పుడు పనామా పోలీసులు ఆ దీవుల్లో దిగి, ఆడవాళ్లు ముక్కుకి రింగు పెట్టకూడదు, మోలా గుడ్డ కట్టకూడదు అని హుకుం జారీ చేశారు. మోలా అంటే రంగుగుడ్డలు పొరలు పొరలుగా కత్తిరించి కుట్టే రవిక. (మా నానమ్మ ముక్కుకి మూడు రింగులుండేవి. ఆవిణ్ని తీయమని ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటే నాకే భయం.) 1925 ఫిబ్రవరిలో గునా జనం తిరగబడ్డారు. మార్చిలో ఒప్పందం కుదిరింది. 1953 చట్టంతో వాళ్ల కాంగ్రెస్, అంటే వాళ్ల పెద్ద సభ, వాళ్ల సైలాలు అంటే ఊరి పెద్దలు, చట్టబద్ధం అయ్యారు.

టూరిజం వాళ్లకీ వచ్చింది. బయటివాళ్లు హోటళ్లు పెట్టారు, ప్రభుత్వం ఇంకా పెద్దది కడతానంది. గునాలు ఒప్పుకోలేదు. గట్టిగానే ఒప్పుకోలేదు, అంతకంటే ఇక్కడ రాయను. 1996లో వాళ్ల సభే టూరిజానికి సొంత చట్టం రాసుకుంది. భూమి బయటివాళ్లకి అమ్మడానికి లేదు. హోటలు, గుడిసె, పడవ ఏదైనా గునా మనిషిదే అయ్యుండాలి. క్రూయిజ్ ఓడ వచ్చి లంగరేస్తే ఆ దీవికి రుసుం కట్టాలి. మోలా కట్టుకున్న ముసలమ్మ ఫొటో తీసుకోవాలంటే అడగాలి, డాలరు ఇవ్వాలి. అది వినగానే మనకి నవ్వొస్తుంది, ఫొటోకి డబ్బులేంటని. మన అమ్మమ్మల ఫొటోలు ఎన్ని క్యాలెండర్ల మీద, ఎన్ని కాఫీ ప్యాకెట్ల మీద ఉన్నాయో లెక్కపెట్టాక నవ్వండి. 2019లో నైకీ కంపెనీ మోలా డిజైన్‌తో బూట్లు తెద్దామనుకుంది. అడగలేదు. గునాలు గొడవ చేస్తే ఆ బూట్ల విడుదల ఆపేసింది.

వాళ్లదంతా స్వర్గం అని నేను చెప్పట్లేదు. టూరిస్టులొచ్చే దీవుల్లో ప్లాస్టిక్ పేరుకుపోతుంది, కుర్రాళ్లు పనామా సిటీకి పోతున్నారు, మన దగ్గర ఉన్న జబ్బులన్నీ ఉన్నాయి. సముద్రం పెరిగి గార్డీ సుగ్‌దుబ్ అనే దీవి నుంచి 2024 జూన్‌లో 300 కుటుంబాల దాకా నేల మీద కట్టిన కొత్త ఊరికి మారాల్సి వచ్చింది. ఆ సముద్రాన్ని వేడెక్కించింది వాళ్ల పడవలు కాదు. కానీ ఓడ ఎక్కడ ఆగాలి, ఎంత కట్టాలి అన్న మాట ఇప్పటికీ వాళ్లదే.

మన గ్రూపులోనే ఇంకో జట్టు ఉంది, నేను మాట్లాడగానే "కరెక్ట్ తమ్ముడూ, టూరిస్టు అన్నవాడినే రానివ్వకూడదు" అంటారు. నేను ఆ జట్టు కూడా కాదు. ఎవరూ రాకపోతే మన కాఫీ ఎవరు తాగుతారు, పసుపు ఎవరు కొంటారు? రావాలి. మన ఇంటికొచ్చిన చుట్టం మనం చూపించిన చోట కూర్చుంటాడు, మనం పెట్టింది తింటాడు, పొద్దుపోయాక బయల్దేరతాడు. అడిగి వచ్చి, రుసుం కట్టి, రాత్రికి ఓడెక్కి పోయే టూరిస్టుతో నాకు పేచీ లేదు. మన పెరట్లో గునపం దించేవాడితోనే పేచీ.

ఆ గునపం మన చేతుల్లోంచే పోతోంది, అది కూడా రాయకపోతే ఈ పోస్టు సగమే. 1/70 ఉండగా అన్ని రిసార్టులు ఎలా లేచాయి? మనోళ్ల పేరు మీద. ఆధార్ మనది, పట్టా మనది, సంతకం మనది, గల్లాపెట్టె మాత్రం మైదానం వాడిది. నెలకి కొంత ఇస్తారు, ఒక బండి కొనిస్తారు. మన గ్రూపులోనే కొందరి ఇళ్లలో ఇలాంటి కాగితాలున్నాయని అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. పేర్లు నేనూ ఎత్తను. కానీ లక్షద్వీప్ జనానికి తాళంచెవి చేతిలో లేక పోతోంది. మనకి చేతిలో ఉండగా మనమే తీసిస్తున్నాం. తర్వాత వచ్చి గ్రూపులో జై ఆదివాసీ అంటే ఎలా అన్నా?

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా పంచాయతీలో గెడ్డ పక్కన కాటేజీలకి స్థలం చూస్తున్నారు. కొలతలకి వచ్చినవాళ్లు "ఇక్కడ ఎవరూ ఉండట్లేదు కదా" అన్నారంట, మా చిన్నాన్న ఫోన్లో చెప్పాడు. పోస్టరులో ఉన్న ముక్కే. ఆ గెడ్డ పక్క మా పశువులు మేస్తాయి, ఎండాకాలం చలమ తీసేది అక్కడే, మా గంగాలమ్మ అక్కడే ఉంది. గ్రామసభ పెడతామంటున్నారు. పీసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్రంలో రూల్స్ 2011లో వచ్చాయి, భూమి తీసుకునే ముందు సభని అడగాలి. అడిగినట్టు రాసుకుని సంతకాలు తీసుకోవడం కూడా మనకి తెలుసు. మా ఊళ్లో తీర్మానం పుస్తకం చదవగలిగేవాళ్లు తక్కువ, అందుకే నేను వెళ్తున్నాను.

నేను అడగబోయేవి ఇవి: స్థలం ఎవరి పేరు మీద ఉంటుంది? లీజు ఎవరికి, ఎన్నేళ్లకి, సమతా తీర్పు తర్వాత ఏ రూలు కింద? నడిపేది మా ఊరి సంఘమా, బయటి కాంట్రాక్టరా? రోజుకి ఎన్ని నీళ్లు తోడతారు, ఎండాకాలం చలమ ఎండితే ముందు ఎవరికి ఆపుతారు? మురుగు ఎటు పోతుంది? టికెట్టులో సభకి వాటా ఎంత, అది ఏ ఖాతాలో పడుతుంది, ఆ పాసుబుక్కు ఎవరి దగ్గర ఉంటుంది? జవాబులు తీర్మానం పుస్తకంలో తెలుగులో రాసి, చదివి వినిపించాకే వేలిముద్రలు. ఇంకేమైనా అడగాల్సినవి ఉంటే కింద రాయండి, ముఖ్యంగా లా చదువుతున్న అన్నలు.

1/70 తెలుగు కాపీ, పీసా రూల్స్ తెలుగు పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటోలు తీసి పంపండి, అక్షరాలు కనపడేలా. సభ తేదీ ఇంకా చెప్పలేదు. సంతలో దండోరా వేయించకుండా రెండు రోజుల ముందు చెప్తారేమోనని మా చిన్నాన్న అనుమానం. తెలిసిన వెంటనే ఇక్కడ పెడతాను. చుట్టుపక్కల పంచాయతీల వాళ్లు, వేసవి సెలవులకి ఇంట్లో ఉండేవాళ్లు వస్తే బాగుంటుంది. మా ఇంట్లో పడుకోవచ్చు, అంబలి ఉంటుంది. ఆ పోస్టరు పెట్టిన అన్న కూడా రావాలి.